పదిమందిని నడిపేవాడి గురించి: డీజీపీ గారికి బహిరంగ లేఖ

ఏటూరునాగారం,
ములుగు జిల్లా.

తెలంగాణ రాష్ట్ర డైరెక్టర్ జనరల్ ఆఫ్ పోలీస్ గారికి,



మా ఊరి దగ్గర ముళ్లకట్ట వంతెన మీద గోదావరి దాటితే వాజేడు, అక్కణ్ణుంచి వెంకటాపురం. 2021 డిసెంబర్ 26, ఆదివారం పొద్దున వెంకటాపురం సీఆర్‌పీఎఫ్ 39వ బెటాలియన్ క్యాంపులో ఒక హెడ్ కానిస్టేబుల్ తన పై సబ్ ఇన్‌స్పెక్టర్‌ను కాల్చి చంపాడు. ఆ తర్వాత తననూ కాల్చుకుని తీవ్రంగా గాయపడ్డాడు. ఇద్దరి మధ్య మాటామాటా పెరిగిందని అప్పట్లో పేపర్లు రాశాయి. దానికి ఏడు వారాల ముందు, నవంబర్ 8 తెల్లవారుజామున, సరిహద్దు అవతల సుక్మా జిల్లా లింగంపల్లి క్యాంపులో 50వ బెటాలియన్ జవాను ఒకరు తోటివాళ్ల మీద కాల్పులు జరిపితే నలుగురు చనిపోయారు. గాయపడ్డవాళ్లను భద్రాచలం తీసుకొచ్చారు. మావోయిస్టుల తూటాకూ మందుపాతరకూ సిద్ధపడి ఈ అడవికి వచ్చిన మనుషులు సొంత క్యాంపులో, సొంత మనిషి చేతిలో పోయారు.

ఆ రెండు క్యాంపులూ కేంద్ర బలగాలవి. మీ అజమాయిషీలో లేవు. అయినా మీకే రాస్తున్నాను, ఎందుకంటే తెలంగాణ స్పెషల్ పోలీస్ చల్వాయి ఐదో బెటాలియన్, మామునూరు నాలుగో బెటాలియన్ మీవి. అవే తుపాకులు, అదే అడవి, ఇల్లు విడిచి ఉండే అవే రోజులు. మా చుట్టుపక్కల మండలాల పిల్లలు కానిస్టేబుల్ సెలెక్షన్ల కోసం చీకటితోనే లేచి రోడ్డు మీద పరుగులు తీస్తుంటారు. నేను సైన్యంలో హవల్దారుగా చేసి రిటైరైనవాణ్ణి కాబట్టి పరుగు టైమింగు గురించో, లాంగ్ జంప్ గురించో అడగడానికి నా దగ్గరికి వస్తారు. వాళ్లకు ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. ఉద్యోగంలో చేరాక వాళ్ల మంచిచెడ్డలు కమాండెంట్ చేతిలో కన్నా హెడ్ కానిస్టేబుల్ చేతిలో ఎక్కువ ఉంటాయి.

ఆ హెడ్ కానిస్టేబుల్ గురించే ఈ ఉత్తరం. పదిమందిని క్రమశిక్షణలో ఉంచమని అతనికి అప్పగిస్తాం. ఉంచడానికి కావలసిన సమయం ఇవ్వం, చెప్పుకునే చోటు చూపించం. తేడా వస్తే మొదటి మెమో మాత్రం అతనికే ఇస్తాం.

హవల్దారు తలుచుకుంటే జవానును ఏమైనా చేయగలడని బయట చాలామంది అనుకుంటారు. చట్టం అలా లేదు. 1950 ఆర్మీ యాక్ట్ 80వ సెక్షన్ కింద, కోర్టు మార్షల్ లేకుండా జవానుకు శిక్ష వేసే అధికారం ప్రధానంగా కమాండింగ్ ఆఫీసరుది. 28 రోజుల దాకా నిర్బంధం, 28 రోజుల దాకా లైన్లు దాటకుండా కట్టడి, అదనపు గార్డు డ్యూటీ, 14 రోజుల జీతం దాకా జరిమానా, తీవ్ర మందలింపు, ఇలాంటివన్నీ ఆయన ముందుకు వెళ్లి తేలాల్సినవే. అది కూడా నిందితుణ్ణి ఎదురుగా నిలబెట్టి, సాక్షులు చెప్పేది వినిపించి, వాళ్లను ఎదురు ప్రశ్న వేసే అవకాశం ఇచ్చాక. సీఆర్‌పీఎఫ్‌కు 1949 చట్టం ఉంది. దాని 11వ సెక్షన్ కింద చిన్న శిక్షలు వేసే అధికారం కమాండెంట్‌ది. విడిగా ఉన్న పోస్టుల్లో మరీ చిన్న తప్పులకు సబ్ ఇన్‌స్పెక్టర్ స్థాయి దాకా దిగుతుంది, అంతకన్నా కిందికి దిగదు. హెడ్ కానిస్టేబుల్‌కు ఆ జాబితాలో చోటు లేదు.

ఆర్మీ యాక్ట్‌లోనే 47వ సెక్షన్ ఒకటుంది. కిందివాడి మీద చేయి చేసుకున్నా, వేధించినా ఆ పని చేసింది అధికారి కానీ, జేసీఓ (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్) కానీ, హవల్దారు కానీ, ఏడేళ్ల దాకా జైలు. పైవాడి మీద చేయెత్తితే ఏమవుతుందో చెప్పే 40వ సెక్షన్ ప్రతి రిక్రూటుకూ మొదటి వారంలోనే కంఠతా వస్తుంది. 47 ఉందని తెలియకుండా రిటైరైన జవాన్లు నాకు తెలుసు.

మరి హవల్దారు చేతిలో ఏముంది? తప్పు చేసినవాణ్ణి పట్టుకుని పైకి రిపోర్టు చేయడం ఒకటి. వ్యవహారం అంతదాకా పోకుండా చూసుకోవడం ఇంకొకటి. మొదటిది ఎవరైనా చేస్తారు. రెండోది చేయాలంటే ఆ పదిమందినీ దగ్గరగా ఎరిగి ఉండాలి. ఇంటి నుంచి ఫోన్ వస్తే బ్యారక్ వెనక్కి వెళ్లి మాట్లాడేది ఎవడు, పళ్లెంలో అన్నం సగం వదిలేస్తున్నది ఎవడు, జీతం పడిన వారానికే అప్పు అడుగుతున్నది ఎవడు, ఎప్పుడూ బూట్లు మెరిపించేవాడు ఉన్నట్టుండి పాలిష్ ఎందుకు మానేశాడు. కమాండెంట్‌కు ఇవి కనిపించవు, కనిపించాలని ఆశించడం కూడా అన్యాయం. చూడాల్సిన కళ్లు హవల్దారువి, నాయక్‌వి. మీ దగ్గరైతే హెడ్ కానిస్టేబుల్‌వి.

నేను కొత్తగా యూనిట్‌కు వెళ్లినప్పుడు మా సెక్షన్ కమాండర్ ఒక తమిళ హవల్దారు. చలికాలం, రాత్రి రెండు దాటింది. గార్డు చెక్‌కు వచ్చినాయన సెంట్రీ పోస్టులో గోడకు ఆనుకుని కునుకుతున్న కుర్రాణ్ణి చూశాడు. యుద్ధ సమయంలోనైతే మరణశిక్ష దాకా పోయే నేరం అది. ఆయన అరవలేదు. ముందు రైఫిల్‌ను చేత్తో పట్టుకుని గొట్టం పక్కకు తిప్పాడు. నిద్రలో ఉలిక్కిపడ్డవాడి వేలు ఎక్కడ పడుతుందో ఎవరు చెప్పగలరు? అప్పుడు లేపాడు. ముఖం కడుక్కుని రమ్మని పంపి, వాడు వచ్చేదాకా తానే పోస్టులో నిలబడ్డాడు. వాడి డ్యూటీ అయ్యేవరకూ పక్కనే ఉన్నాడు. పొద్దున రోల్‌కాల్‌లో అందరి ముందూ ఆ మాటే ఎత్తలేదు. ఆయుధాలు కోత్‌లో, అంటే ఆయుధాల గదిలో, జమ చేశాక వాణ్ణి చెట్టు కిందికి పిలిచి అడిగాడు. వరసగా మూడు రాత్రులు వాడికే రెండో షిఫ్టు పడిందని అప్పుడు తెలిసింది. డ్యూటీ చిట్టా రాసినతను చూసుకోలేదు. చిట్టా సరిచేయించాడు. అలాగని కుర్రాణ్ణి వదిలిపెట్టలేదు. సంగతి కంపెనీ సీనియర్ జేసీఓ ద్వారా కమాండింగ్ ఆఫీసరు దాకా తీసుకెళ్లి, ఆయన మాట మీద వారం రోజులు అదనపు డ్యూటీ వేయించాడు. వేసేటప్పుడు ఎందుకో చెప్పాడు. పడుకోవడం నీ తప్పు, మూడు రాత్రులైందని నాకు చెప్పకపోవడం అంతకన్నా పెద్ద తప్పు అన్నాడు.

ఆ కుర్రాడు మా సెక్షన్‌లో మళ్లీ ఎన్నడూ పోస్టులో కునుకు తీయలేదు. అంతకన్నా ముఖ్యం, మిగతా మేమంతా ఒంట్లో బాగాలేకపోయినా, ఇంట్లో కష్టం వచ్చినా నేరుగా ఆయన దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టాం. ఆయన చేసిన పనుల వరస చూడండి. చేతిలో తుపాకీ ఉన్నవాణ్ణి ఆయన మందలించలేదు. నలుగురి ముందూ పరువు తీయలేదు. కారణం కనుక్కున్నాడు, కారణం సరిచేశాడు, ఆ తర్వాతే శిక్ష దగ్గరికి వచ్చాడు, అదీ తన చేతి నుంచి కాకుండా అధికారం ఉన్నాయన చేతి నుంచి ఇప్పించాడు. వెంకటాపురంలో తప్పు ఎవరిదో నేను తేల్చబోవడం లేదు. చనిపోయినాయన తన మాట చెప్పుకోవడానికి లేడు. కానీ ఆయుధం భుజాన ఉన్న మనిషితో ఎప్పుడు, ఎక్కడ, ఏ గొంతుతో మాట్లాడాలన్నది ప్రతి జూనియర్ లీడరూ రైఫిల్ విప్పి బిగించినంత అలవాటుగా నేర్చుకోవాల్సిన పని.

దీనికి భిన్నమైనవీ చాలా చూశాను. ఒకడు పరేడ్‌కు ఆలస్యంగా వస్తే ప్లాటూన్ మొత్తానికీ పిట్టూ, అంటే వీపు మూట, వేయించి ఎండలో పరిగెత్తించడం ఒకటి. దాన్ని రగడా అంటారు. ట్రైనింగ్ సెంటర్లో పద్దెనిమిదేళ్ల రిక్రూట్లకు కండ పెంచడానికి, కలిసి కష్టపడటం నేర్పడానికి అలాంటివాటికి ఒక చోటుంది. ముప్పై అయిదేళ్లు వచ్చి, ఇద్దరు పిల్లల తండ్రి అయిన మనిషిని జూనియర్ల ముందు మోకాళ్ల మీద నడిపిస్తే అందులో ఏ చదువూ లేదు. ఒకడి తప్పుకు పదిమందిని శిక్షిస్తే ఆ రాత్రి బ్యారక్‌లో ఆ ఒక్కణ్ణి మిగతావాళ్లు శిక్షిస్తారు. ఆ శిక్షకు రిజిస్టరు లేదు, హద్దు లేదు. మర్నాటి నుంచి వాడికి మాట్లాడే మనిషి ఉండడు. ఒంటరివాడైన సాయుధుణ్ణి తయారుచేసుకోవడానికి ఇంతకన్నా దగ్గరి దారి నాకు తెలియదు. తల్లినీ చెల్లినీ కలిపి తిట్టడం రెండోది. అది అలవాటైపోయి తిడుతున్నామని కూడా తెలియని పెద్దమనుషులున్నారు. వినేవాడికి అలవాటు కాదు, వాడు లెక్కపెట్టుకుంటూ ఉంటాడు.

వీటన్నిటికన్నా చెడ్డది సెలవు ఆపడం. కాగితం మీద అది శిక్షే కాదు, డ్యూటీ అవసరాల దృష్ట్యా అని ఒక ముక్క రాస్తే సరిపోతుంది. అందుకే చిన్న నాయకుడి చేతికి అది తేలిగ్గా అందుతుంది. మనిషికి నాలుగు నెలల ముందు నుంచి తెలిసిన తేదీ ఉంటుంది. చెల్లి లగ్నమో, బిడ్డ పుట్టువెంట్రుకలో, సమ్మక్క మొక్కో. ఆ తేదీ తెలిసినవాడే ఆపితే అది శిక్ష అనే అనుకుంటాడు కానిస్టేబుల్. వాడితో పాటు ఇంట్లో భార్య, తల్లి, అత్తగారు కూడా ఆ శిక్ష అనుభవిస్తారు. వాళ్లేం తప్పు చేశారు?

కేంద్ర సాయుధ బలగాల్లో 2020 నుంచి 2024 వరకు 730 మంది ఆత్మహత్య చేసుకున్నారని 2024 డిసెంబర్‌లో కేంద్ర హోంశాఖ రాజ్యసభకు చెప్పింది. ఏటా వంద రోజులు కుటుంబంతో గడిపేలా చూస్తామన్న మాట కూడా ఆ శాఖదే. ఆ ఏడాది అక్టోబర్ దాకా ఆ వంద రోజులు దక్కినవాళ్లు 6,302 మంది అని అదే జవాబులో ఉంది. లక్షల మంది ఉన్న బలగాల్లో ఇంతమంది. సెలవు సంగతి ఎంత బరువైనదో చెప్పడానికి ఇంతకన్నా లెక్క అక్కర్లేదు.

చరిత్రలోకి ఒక్కసారి వెళ్తాను, ఎక్కువసేపు ఉండను. 1780 అక్టోబర్ 3న విశాఖపట్నంలో, హైదర్ అలీ మీద యుద్ధానికి మద్రాసు వెళ్లే ఓడ ఎక్కమంటే ఉత్తర సర్కారుల సిపాయిలు ఎదురుతిరిగారు. కొందరు ఇంగ్లీషు అధికారులు ప్రాణాలు కోల్పోయారు. సిపాయిల ముందు నిలబడింది ఒక సుబేదారు. కంపెనీ హుకుమును కిందికి చేరవేయాల్సిన మనిషే ఆ రోజు అవతలి వైపు ఉన్నాడు. అది పరాయి పాలకుల సైన్యం, ఆ ఎదురుతిరగడంలో న్యాయం వేరు. మన సొంత సైన్యంలోనూ, 2012 మేలో లడఖ్‌లోని న్యోమా దగ్గర, 226 ఫీల్డ్ రెజిమెంట్‌లో ఒక జవానును అధికారులు కొట్టడంతో మొదలైన గొడవ అధికారులు ఒక పక్క, జవాన్లు ఒక పక్క అయ్యేదాకా పోయింది. మధ్యలో ఉండాల్సిన జేసీఓలు, హవల్దార్లు ఆ మంటను ఆపలేకపోయారు. కాలం మారింది, ప్రభుత్వం మారింది. మధ్యవాడి అవసరం మారలేదు.

ఇక మీ శాఖ సంగతి. 2024 అక్టోబర్‌లో తెలంగాణ స్పెషల్ పోలీస్ బెటాలియన్ల కానిస్టేబుళ్ల భార్యలు పిల్లల్ని చంకనేసుకుని రోడ్డు మీదికి వచ్చారు. సెలవుల పద్ధతి మార్చడం మీద కోపంతో మొదలై, రాష్ట్రమంతా ఒకే పోలీసు విధానం ఉండాలన్న డిమాండు దాకా వెళ్లింది. తర్వాత కొన్నిచోట్ల కానిస్టేబుళ్లే ధర్నాకు దిగారు. 39 మందిని సస్పెండ్ చేశారు. ఆ వెంటనే పదిమందిని రాజ్యాంగం 311వ అధికరణంలో, విచారణ లేకుండా తొలగించే వీలున్న క్లాజు కింద సర్వీసు నుంచి తీసేశారు.

యూనిఫాంలో ఉన్నవాడు ధర్నా చేయకూడదు. ఈ మాట నేను ఎక్కడైనా అంటాను, సస్పెండైన ఆ పిల్లల ముందైనా అంటాను. 1966 చట్టం పోలీసులకు సంఘం పెట్టుకునే హక్కు మీద, పత్రికల్లోకి ఎక్కే హక్కు మీద ఆంక్షలు పెట్టింది. సాయుధ దళానికి అలాంటి కట్టుబాటు ఉండాల్సిందే. కానీ కానిస్టేబుల్ నోరు చట్టం కట్టేసినప్పుడు, అతని తరఫున మాట్లాడే నోరు ఒకటి లోపలే ఉండాలి కదా. ఉందా? కానిస్టేబుల్‌కూ కమాండెంట్‌కూ మధ్య హెడ్ కానిస్టేబుల్, ఏఆర్ఎస్ఐ, ఆర్ఎస్ఐ, ఆర్ఐ, అసిస్టెంట్ కమాండెంట్, ఇన్ని మెట్లున్నాయి. ఇల్లు కదిలిపోయేంత బాధ ఈ మెట్లు ఎక్కి పైకి రాలేక, వెనక్కి తిరిగి ఇంటికి వెళ్లి, భార్య నోట రోడ్డు మీద పలికింది. ఆ పదిమందిని తీసేసినప్పుడు శాఖ చూసింది చివరి రోజును. దాని ముందు ఎన్ని నెలలుగా ఎంతమంది హెడ్ కానిస్టేబుళ్లకు ఈ సంగతి తెలుసు, వాళ్లలో ఎవరైనా పైకి చెప్పారా, చెబితే ఏం జవాబు వచ్చింది అన్నది మీరు ఇప్పటికైనా కనుక్కోవాలి. తెలిసీ చెప్పకపోయి ఉంటే భయం వల్ల. చెప్పినా పట్టించుకోకపోయి ఉంటే అది ఇంకా ప్రమాదం, ఎందుకంటే ఆ హెడ్ కానిస్టేబుల్ ఇంకోసారి చెప్పడు.

వాళ్లలో మంచివాళ్లు లేరని కాదు. 2024 ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా మేడారం జాతర జరిగినప్పుడు జంపన్న వాగు దగ్గర నేను కళ్లారా చూశాను. జనం నేల ఈనినట్టు వస్తున్నారు. బెటాలియన్ కుర్రాడొకడు, మీసం కూడా సరిగా రాలేదు, తోపులాటలో ఒక ముసలామెను భుజం పట్టి నెట్టాడు. ఆమె నెత్తి మీది బంగారం, అదే మొక్కు బెల్లం, కింద పడింది. చుట్టూ ఉన్న మగవాళ్లు కర్రలెత్తారు. పదడుగుల దూరంలో ఉన్న హెడ్ కానిస్టేబుల్ పరుగున వచ్చి ముందు ఆ కుర్రాడికీ జనానికీ మధ్య నిలబడ్డాడు. 'తమ్మీ, నువ్వు పోయి నీళ్లు తాగి రాపో' అని వాణ్ణి వెనక్కి పంపాడు. బెల్లం ఎత్తి, దుమ్ము దులిపి, 'అమ్మా, పిల్లగాడు పొద్దుగాల్నుంచి నిలబడే ఉన్నడు, ఏమనుకోకు' అని ఆమె చేతికిచ్చాడు. జనం చల్లబడ్డారు. అరగంట తర్వాత ఆ కుర్రాడు తిరిగొచ్చాడు. హెడ్ కానిస్టేబుల్ వాడి చెవి దగ్గర ఏదో చెప్పాడు. ఏం చెప్పాడో నాకు వినపడలేదు కానీ, కుర్రాడు తల వంచుకుని విన్నాడు, ఆ తర్వాత సాయంత్రం దాకా ముసలివాళ్లను చేయి పట్టి మెట్లు దించుతూ ఉన్నాడు. అది ఏ రికార్డులోనూ ఎక్కదు. అక్కడ లాఠీ లేచి ఉంటే మాత్రం మర్నాడు అన్ని పేపర్లలో వచ్చేది.

అక్కడే ఇంకో సంగతీ గమనించాను. ఆ కుర్రాడు ఆ హెడ్ కానిస్టేబుల్ సెక్షన్ వాడు కాడు. మాటల్లో తెలిసింది, బందోబస్తుకు వచ్చినవాళ్లను పాయింట్ల వారీగా పంచేటప్పుడు ఎవరు ఎవరి కింద పడతారో చూసుకునే తీరిక ఎవరికీ ఉండదట. ఒకే బ్యారక్‌లో ఏడాదంతా కలిసున్న పదిమంది పది చోట్ల పడతారు. వాళ్ల పేర్లు కూడా తెలియని హెడ్ కానిస్టేబుల్ చేతికి ఇంకో పదిమంది వస్తారు. నెలలో సగం రోజులు ఇలా ఎక్కడో ఒకచోట గార్డు, బందోబస్తు అయితే, ఎవడు అన్నం వదిలేస్తున్నాడో ఎవరు చూడాలి? మామునూరు నుంచి వచ్చినవాడు ఈ వారం ఒకరి కింద, వచ్చే వారం ఇంకొకరి కింద ఉంటే, అతని కష్టం చెప్పుకునే తలుపు ఏది?

క్రమశిక్షణ అనగానే మనం సెల్యూట్లు, బూట్లు, హాజరు గురించి మాట్లాడుకుంటాం. ఈ ఏజెన్సీలో దానికి ఇంకో అర్థం కూడా ఉంది. సెక్షన్ ఒక కోయ గూడెంలోకి అడుగు పెట్టినప్పుడు కమాండెంట్ పక్కన ఉండడు. పత్రికలు ఉండవు. ఆ గూడెంలో ఎవరి కోడి పోతుందో, ఎవరి మీద చేయి పడుతుందో, ఆడవాళ్లు ఇంట్లో నుంచి బయటికి రావడానికి భయపడాల్సి వస్తుందో లేదో, అంతా ఆ సెక్షన్‌ను నడిపేవాడి మాట మీద ఆధారపడి ఉంటుంది. 2007 ఆగస్టులో విశాఖ ఏజెన్సీలోని వాకపల్లిలో కొండజాతి ఆడవాళ్లు నక్సలైట్లను ఎదుర్కొనే పోలీసు దళమైన గ్రేహౌండ్స్ సిబ్బంది మీద అత్యాచార ఆరోపణలు చేశారు. 2023 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు నిందితులను నిర్దోషులుగా విడిచిపెడుతూనే, దర్యాప్తు అధికారులు తమ పని సరిగా చేయలేదని చెప్పి, బాధితులకు పరిహారం ఇవ్వమంది. దాదాపు పదహారేళ్లు. ఆడవాళ్లకు న్యాయం తేలలేదు, దళం మీది మచ్చా తేలలేదు. అలాంటి రోజు మా గూడేల్లో రాకూడదంటే పట్టుకోవాల్సిన చోటు సెక్షన్ కమాండరే.

గ్రేహౌండ్స్ అన్నాను కాబట్టి ఇంకో మాట. 1989లో ఆ దళాన్ని తయారుచేసిన కె.ఎస్. వ్యాస్, 1993 జనవరిలో నక్సలైట్ల చేతిలో చనిపోయారు. ఆయన పద్ధతుల మీద ఎవరి అభిప్రాయం వారిది. చిన్న చిన్న జట్లు, ఆ జట్టుతో పాటు తన మూట తనే మోసుకుంటూ అడవిలో నడిచే నాయకుడు, ఈ పద్ధతిలో మాత్రం నాకు తెలిసిన సైన్యం కనిపిస్తుంది. కలిసి నడిచినవాడు, కలిసి తిన్నవాడు ఆగమంటే ఆగుతారు. 2025 మే 8న వాజేడు వైపు అడవిలో మందుపాతర పేలి ముగ్గురు గ్రేహౌండ్స్ సిబ్బంది చనిపోయారు. ఇక్కడ పనిచేసేవాళ్లు ఎంత ప్రమాదంలో ఉన్నారో మాకు తెలుసు. అంత ప్రమాదంలో ఉన్నవాళ్లకు తమను నడిపేవాడి మీద నమ్మకం తప్ప ఇంకో కవచం లేదు.

అందుకని నేను అడిగేవి పెద్దవి కావు. మొదటిది సెలవు. హెడ్ కానిస్టేబుల్ తన సెక్షన్ సెలవుల చిట్టాను తానే రాసి పైకి పంపాలి. అందులో ఎవరి సెలవైనా ఆపితే ఆపినవాళ్లు కారణం రాసి సంతకం పెట్టాలి. శిక్షగా సెలవు ఆపడాన్ని పూర్తిగా మాన్పించండి. ఎవరైనా ఇంట్లో చావు, కాన్పు లాంటివి వచ్చి అర్ధరాత్రి అడిగితే, రెండు మూడు రోజులు అక్కడికక్కడే పంపే అధికారం కంపెనీ స్థాయిలో ఉంచండి. తన కుర్రాణ్ణి చెల్లి పెళ్లికి పంపించగలిగిన హెడ్ కానిస్టేబుల్‌కు మర్నాడు వాణ్ణి గట్టిగా అడిగే హక్కు దానంతటదే వస్తుంది. ఇప్పుడు అతని దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు, అందుకే అరుపు మీద ఆధారపడుతున్నాడు.

హెడ్ కానిస్టేబుల్ ప్రమోషన్ కోర్సులో డ్రిల్లు, ఆయుధాలు, చట్టం చెప్పినంత శ్రద్ధగా, దిగాలుగా ఉన్నవాణ్ణి గుర్తుపట్టడం, కోపంగా ఉన్నవాడి చేతి నుంచి రైఫిల్ తీసుకోవడం, తప్పు చేసినవాడితో విడిగా మాట్లాడటం నేర్పించండి. దీనికి ప్రొఫెసర్లు అక్కర్లేదు. మీ శాఖలోనే ముప్పై ఏళ్లు పనిచేసి, ఒక్క మచ్చ లేకుండా రిటైరైన హెడ్ కానిస్టేబుళ్లు జిల్లాకు పదిమంది ఉంటారు. వాళ్లను పిలిచి కూర్చోబెట్టండి. సైన్యం నుంచి వచ్చిన మాలాంటి సుబేదార్లు, హవల్దార్లు పిలిస్తే కూలి అడగకుండా వస్తారు.

శిక్షలన్నీ రిజిస్టరులోకి రావాలి. రిజిస్టరులో లేని శిక్ష వేసినవాడు, అది ఎండలో నిలబెట్టడమైనా సరే, దానికి సమాధానం చెప్పాలి. అలాగే తన కుర్రాడి బాధను పైకి మోసుకొచ్చిన హెడ్ కానిస్టేబుల్‌కు రక్షణ ఉండాలి. వాడి మాట వినడం కుదరకపోతే కుదరదని చెప్పండి, కారణం చెప్పండి, వాడు ఆ మాటను సెక్షన్ దాకా గౌరవంగా తీసుకెళ్తాడు. బెటాలియన్ దర్బార్ పెట్టినప్పుడు అందరూ కూర్చున్న సభలో కానిస్టేబుల్ నోరు విప్పడు, విప్పితే ఆ రాత్రి ఏమవుతుందో అతనికి తెలుసు. దర్బార్‌కు ముందు రోజు హెడ్ కానిస్టేబుళ్లను మాత్రం విడిగా పిలిచి, వాళ్ల పైవాళ్లను బయట ఉంచి, గంటసేపు వినండి. మీరు స్వయంగా వచ్చి వినే బెటాలియన్లలో చల్వాయి ఒకటి అయితే మా ప్రాంతం వాళ్లకు ధైర్యంగా ఉంటుంది.

ఇక జాతర. మేడారం బందోబస్తు ఉత్తర్వు రాసేటప్పుడు ఒక వాక్యం చేర్చమని అడుగుతున్నాను: బెటాలియన్ సెక్షన్లను విడదీయకుండా, వాళ్ల హెడ్ కానిస్టేబుల్‌తో పాటు ఒకే పాయింట్‌లో వేయాలి, షిఫ్టు మార్పిడి కూడా సెక్షన్ల లెక్కనే జరగాలి. దీనికి ప్రభుత్వం దగ్గర డబ్బు అడగనక్కర్లేదు, కొత్త పోస్టులు మంజూరు చేయించనక్కర్లేదు. వచ్చే జాతరకే అమలు చేయొచ్చు. గద్దెల దగ్గరా, జంపన్న వాగు దగ్గరా, పస్రా నుంచి తాడ్వాయి దాకా ట్రాఫిక్ పాయింట్లలోనూ తేడా కనిపిస్తుందో లేదో మీ అధికారులనే రాసి పెట్టమనండి.

భవదీయుడు,
ఒక మాజీ హవల్దారు,
ఏటూరునాగారం.